ఇద్దరిలో ఒకరు జాబ్ మానేద్దాం అనుకుంటున్నారా? అమెరికాలో ఇన్సూరెన్స్ లెక్క ముందు ఇలా వేసుకోండి

మా ఆయనది అప్పట్లో కన్సల్టెన్సీ ద్వారా కాంట్రాక్ట్ జాబ్, డబ్బులు బానే వచ్చేవి గానీ బెనిఫిట్స్ అని చెప్పుకోడానికి ఏం లేవు, సో నలుగురం నా కంపెనీ ఇన్సూరెన్స్ మీదే ఉండేవాళ్ళం. రెండోవాడు పుట్టాక కొన్నాళ్ళు పార్ట్‌టైమ్ చేద్దామని హెచ్ఆర్‌ని అడిగితే వారానికి 30 గంటల కంటే తగ్గితే ఇన్సూరెన్స్ రాదు అన్నారు. జీతం తగ్గితే ఎలాగోలా సర్దుకునేవాళ్ళమే, ఆ కార్డు దగ్గరే ఆగిపోయాం. ఇంకో రెండేళ్ళు ఫుల్‌టైమే లాగించాను.

దీన్ని ఇక్కడ జాబ్ లాక్ అంటారట. బ్రిజిట్ మాడ్రియన్ అనే ఎకనమిస్ట్ 1994లోనే దీని మీద పేపర్ రాసింది, కంపెనీ ఇన్సూరెన్స్ వల్ల జనం జాబ్ మారడం 25 శాతం దాకా తగ్గుతోందని తేల్చింది. సరే, మనం లెక్కలోకి వద్దాం.

1. ఇద్దరి ప్లాన్లూ పక్కపక్కన పెట్టండి

ఇద్దరి బెనిఫిట్స్ గైడ్ పీడీఎఫ్‌లూ డౌన్‌లోడ్ చేసుకుని ఒక ఎక్సెల్ షీట్‌లో వేయండి. ఒక్కరికి ఎంత, స్పౌజ్‌తో ఎంత, పిల్లలతో ఎంత, అందరికీ కలిపి ఎంత. ప్రీమియం పేచెక్‌కి ఇంత అని రాసి ఉంటుంది, రెండు వారాలకోసారి జీతం వస్తే 26తో, నెలకి రెండుసార్లు వస్తే 24తో గుణించాలి, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టడం మొదలెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం), ఏడాదికి జేబులోంచి పెట్టాల్సిన గరిష్ఠ మొత్తం కూడా రాసుకోండి, ప్రీమియం తక్కువుందని మురిసిపోతే ఒక్క సర్జరీకి తడిసి మోపెడవుతుంది.

ఇంకోటి, పెద్ద కంపెనీలు ఫుల్‌టైమ్ ఉద్యోగికీ పిల్లలకీ 26 ఏళ్ళు వచ్చేదాకా ఇన్సూరెన్స్ ఇవ్వాలి, లేకపోతే పెనాల్టీ, కానీ భార్యకో భర్తకో ఇవ్వాలని చట్టంలో లేదు. చాలా కంపెనీలు ఇస్తాయి గానీ, మీ స్పౌజ్‌కి వాళ్ళ ఆఫీసులో ఇన్సూరెన్స్ దొరుకుతుంటే ఎక్స్‌ట్రా సర్‌ఛార్జ్ వేసేవి ఉన్నాయి. అప్పుడు ఎవరి ప్లాన్‌లో వాళ్ళుండి పిల్లల్ని ఒకరి దాంట్లో వేయడమే చవక అవ్వొచ్చు.

2. కనపడని జీతాన్ని కూడా కలపండి

అసలు పాయింట్ ఇదే అని నా ఫీలింగ్. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వే ప్రకారం 2024లో కంపెనీ ఫ్యామిలీ ప్లాన్ సగటు ఖరీదు ఏడాదికి 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి కట్టేది సగటున 6,296. మిగతా 19 వేల పైచిలుకు కంపెనీ కడుతుంది, దాని మీద మనకి ట్యాక్స్ కూడా లేదు. మీ దగ్గర ఎంతో చూడాలంటే డబ్ల్యూ2 ఫారంలో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్స్ లెక్క కాగితం) బాక్స్ 12లో డీడీ అనే కోడ్ పక్కన మొత్తం ఖరీదు ఉంటుంది (చిన్న కంపెనీల ఫారంలో ఉండకపోవచ్చు). ఇంట్లో ఎవరు మానాలి అన్నప్పుడు తక్కువ జీతం వాళ్ళే అని ఠక్కున అనేస్తాం, ఎక్కువసార్లు అది ఆడవాళ్ళే, కానీ ఆ తక్కువ జీతం స్కూల్ డిస్ట్రిక్ట్ జాబ్‌కే మంచి ఇన్సూరెన్స్ ఉందనుకోండి, లెక్క తలకిందులవుతుంది.

అసలు ఇన్సూరెన్స్‌కీ జాబ్‌కీ ముడి ఎలా పడిందంటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942లో జీతాలు పెంచకూడదని కట్టడి పెడితే కంపెనీలు మనుషుల్ని పట్టుకోడానికి ఇన్సూరెన్స్ ఎక్కువగా ఇవ్వడం మొదలెట్టాయి, తర్వాత 1954లో ట్యాక్స్ మినహాయింపు చట్టంలోకి ఎక్కింది. ఆ పాత ముడి ఇప్పుడు మన మెడకి.

3. మానేసే తేదీ ఎంచుకోండి

కొన్ని కంపెనీల్లో కవరేజ్ నెలాఖరు దాకా ఉంటుంది, కొన్నిట్లో లాస్ట్ డేతోనే కట్. మా ఫ్రెండ్ వాళ్ళది నెలాఖరు దాకా ఉండే టైపు, ఆయన 28న మానేశాడు, ఇంకో నాలుగైదు రోజులాగి 3న మానేసుంటే తర్వాతి నెలంతా కవరేజ్ ఉండేది. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు.

కవరేజ్ పోయాక స్పౌజ్ కంపెనీ ప్లాన్‌లో చేరడానికి 30 రోజులే టైమ్ ఉండొచ్చు, మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైట్) అయితే 60 రోజులు. ఆ 30 దాటితే మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాదికోసారి ప్లాన్ ఎంచుకునే సమయం) దాకా ఆగాల్సిందే. పుట్టిన బిడ్డని చేర్చడానికి కూడా ఇదే 30, నిద్రలేని రోజుల్లో ఇట్టే గడిచిపోతాయి. ఏడాది మధ్యలో ప్లాన్ మారితే డిడక్టిబుల్ మళ్ళీ సున్నా నుంచి మొదలు, కాబట్టి డెలివరీయో ఆపరేషనో ఉంటే అది అయ్యాక మారండి. కొత్త కంపెనీ 90 రోజుల వరకూ వెయిటింగ్ పెట్టొచ్చు, అదీ అడగండి.

4. మధ్యలో గ్యాప్ వస్తే కోబ్రా

20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీ అయితే కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా కొనసాగించొచ్చు, కాకపోతే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం. పైన చెప్పిన సగటుతో చూస్తే నెలకి 2,170 డాలర్ల పైనే. కానీ ఒక వెసులుబాటు ఉంది, తీసుకోవాలో వద్దో చెప్పడానికి 60 రోజులు ఇస్తారు, తీసుకుంటే కవరేజ్ పోయిన రోజు నుంచే లెక్క. నెలా నెలన్నర గ్యాప్ అయితే ఆగి చూసి, ఏదైనా అయితేనే కట్టుకోవచ్చు. కట్టాల్సి వస్తే మాత్రం వెనక్కి మొత్తం కట్టాలి.

5. వీసా మీద ఉంటే

హెచ్1బి (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా) మీద ఉండగా జాబ్ పోతే దేశంలో ఉండటానికి గ్రేస్ మామూలుగా 60 రోజుల దాకా ఉంటుంది, ఇన్సూరెన్స్ మాత్రం ఆ నెలాఖరుకే పోవచ్చు, రెంటికీ సంబంధం లేదు. అందుకే ఒకరు హెచ్1, ఇంకొకరు హెచ్4 ఈఏడీ (హెచ్1 వాళ్ళ స్పౌజ్‌లలో కొందరికిచ్చే వర్క్ పర్మిట్) మీద పని చేస్తుంటే, ధర మరీ తేడా లేకపోతే ఫ్యామిలీ ఇన్సూరెన్స్ ఈఏడీ వాళ్ళ జాబ్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. లేఆఫ్ వచ్చిన రోజు వీసా, ఇన్సూరెన్స్ రెండూ ఒకేసారి కూలకుండా ఉంటాయి.

ఇద్దరిలో ఒకరు మామూలు ఎఫ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి ట్యాక్స్ లేకుండా జీతంలోంచి పక్కన పెట్టే కంపెనీ ఖాతా) తీసుకుంటే రెండోవాళ్ళు హెచ్ఎస్ఏలో (డిడక్టిబుల్ ఎక్కువున్న ప్లాన్‌తో వచ్చే, ట్యాక్స్ లేని పొదుపు ఖాతా) డబ్బులు వేయడానికి అర్హులు కారు, ఇది కూడా షీట్‌లో ఒక మూల రాసుకోండి.

మా సంగతంటారా, ఆయనకి ఒక సెప్టెంబర్‌లో ఫుల్‌టైమ్ జాబ్ వచ్చింది. మా డిడక్టిబుల్ అప్పటికే నిండిపోయింది కాబట్టి డిసెంబర్ దాకా నా ప్లాన్‌లోనే ఉండి, ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో అందరం ఆయన దాంట్లోకి మారాం. జనవరి రెండో వారం నుంచి నేను వారానికి 24 గంటలు.