లేత్ మీద జాబ్ ఊగుతోందా? హెడ్‌స్టాక్ విప్పే ముందు డయల్ పెట్టండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల షాఫ్టులైనా, దేవరకొండ వైపు నుంచి వచ్చే బోరు మోటారు షాఫ్టులైనా, బేరింగ్ కూర్చునే చోట 0.02 మి.మీ. తేడాను కూడా ఓర్చుకోవు. అందుకే జాబ్ (లేత్‌లో తిప్పే ముక్క) ఊగగానే లేత్ బేరింగ్ పోయిందనుకుని, స్పిండిల్, బేరింగులు ఉండే హెడ్‌స్టాక్ విప్పేస్తుంటారు. చాలాసార్లు తప్పు చక్‌ది, అంటే జాబ్‌ను పట్టి ఉంచే బిగింపుది. బాగున్న బేరింగులను విప్పి మళ్లీ సరిగ్గా బిగించడం అన్ని షాపుల్లో అయ్యే పని కాదు.

ముందు ఖర్చులేని పరీక్ష. చక్‌లో ఒక ముక్క పట్టి సన్నగా ఒక కోత కోయండి. చక్ జాలు (ముక్కను పట్టే పళ్లు) వదలకుండా, మెయిన్ స్విచ్ ఆపి, డయల్‌ను (సన్నని తేడాను ముల్లుతో చూపే గేజిని) ముక్క పైభాగాన ఆనించి చేత్తో తిప్పండి. టూల్ ఉన్న వైపు పెడితే కొంత తప్పు కనిపించకుండా పోతుంది. ముల్లు దాదాపు కదలకపోతే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) బాగానే తిరుగుతున్నట్టు. ముక్క వదిలి మళ్లీ పడితే 0.1 మి.మీ. చూపిస్తోందా? అది చక్ లోపం. మూడు జాల చక్‌లో 0.05 నుంచి 0.08 దాకా ఉండటం మామూలే.

కోసిన ముక్కే ఊగితే చక్ దించాలి. స్పిండిల్ లోపలి టేపర్‌ను (లోపలికి సన్నబడే రంధ్రాన్ని) కిరోసిన్ గుడ్డతో తుడిచి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, లివర్ డయల్‌ను (రంధ్రంలోకి పోయే చిన్న చేయి ఉన్న డయల్‌ను) టేపర్‌కు ఆనించి తిప్పండి. సాధారణ లేత్‌కు నోటి దగ్గర 0.01, టెస్ట్ బార్ (పరీక్షకు వాడే నిటారు కడ్డీ) పెట్టి 300 మి.మీ. దూరంలో 0.03 వరకు పర్వాలేదు. బార్‌ను ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. స్పిండిల్ మీద ఒక గుర్తు పెట్టి, బార్‌ను తీసి పావు చుట్టు తిప్పి మళ్లీ పెడుతూ నాలుగుసార్లు చూడండి. ముల్లు ఎక్కువ చూపే చోటు బార్‌తో పాటే జరిగితే బార్ వంగింది. స్పిండిల్ మీది గుర్తును బట్టి అదే చోట నిలిస్తే టేపర్ దెబ్బతింది.

బేరింగ్ తప్పు వేరేగా పట్టిస్తుంది. పూర్తి చుట్టు తిరిగాక ముల్లు మొదటి అంకెకు రాదు. రోలర్ల కేజ్ (రోలర్లను పట్టి ఉంచే గూడు) స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోగా అర చుట్టు కూడా తిరగదు, కాబట్టి అరిగిన రోలర్ గుర్తు చుట్టు చుట్టుకూ చోటు మారుతుంది. తర్వాత బార్ కింద కర్ర పెట్టి పైకి ఎత్తి వదలండి. ముల్లు 0.02 కన్నా ఎక్కువ కదిలి వెనక్కి వస్తే బేరింగ్‌లో సందు ఉంది.

సందు తీయడానికి లాక్ స్క్రూ వదిలి, బేరింగ్ బిగించే నట్టును చుట్టులో పదహారో వంతుకు మించకుండా బిగించి, మధ్య వేగంలో అరగంట తిప్పండి. ఇక్కడే మన ఎండాకాలం మోసం చేస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డే నలభై డిగ్రీలు దాటుతుంది, చేత్తో తాకి చెప్పలేం. షెడ్డు వేడి కన్నా బేరింగ్ వేడి 30 డిగ్రీలకు మించి పెరిగితే బిగింపు ఎక్కువైంది, కాస్త వదలండి. సందు పోయినా గరగర శబ్దం ఉంటే బేరింగ్ మార్చాల్సిందే. కొత్తదాన్ని నూనెలో 80–100 డిగ్రీలకు వేడిచేసి ఎక్కించండి. సుత్తితో బయటి రింగు మీద కొడితే రోలర్ల గుంటలు ట్రాక్ మీద పడతాయి.

చక్ తప్పయితే బ్యాక్ ప్లేట్ (చక్‌ను స్పిండిల్‌కు బిగించే పలక) ముఖం, కూర్చునే గాడి తుడవండి. ఇరుక్కున్న ఒక్క రజను చాలు. గీతలు లేచి ఉంటే ఆయిల్ స్టోన్‌తో దించండి. జాలు ముందువైపు తెరుచుకుపోతే, వెనక భాగంలో రింగు పట్టి బిగువు మీద జాలను గ్రైండ్ చేయాలి.

షాఫ్టు తిప్పి రెండో కొన పట్టాల్సిన పనికి మాత్రం నాలుగు జాల చక్ వాడండి. డయల్ 0.04 చూపిస్తే జరపాల్సింది అందులో సగం, 0.02.