కరెంటు బిల్లులో రాజకీయం – 3వ పాఠం: యజమాని ఎవరు?

పోయిన పాఠంలో ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్ల లెక్క విడదీసి చూశాం. ఈసారి బిల్లు పైనున్న పేరు చూద్దాం. బెంగళూరులో అద్దెకుంటున్న మనవాళ్లకు వచ్చే బిల్లు మీద బెస్కాం అని ఉంటుంది. 2002లో మొదలైన ఈ కంపెనీ కర్ణాటక ప్రభుత్వానిది. అయితే రేటు పెట్టే అధికారం దానికి లేదు, అది విద్యుత్ నియంత్రణ కమిషన్ పని. ఇళ్లకు ఉచిత కరెంటిచ్చే కర్ణాటక పథకం గృహజ్యోతి కింద మీకు సున్నా బిల్లు వస్తే, ఆ సొమ్ము ఖజానా నుంచి కంపెనీకి చేరాలి.

కాబట్టి ఏ బిల్లు చూసినా మూడు అడగండి: ఆస్తి ఎవరిది, రేటు ఎవరు పెడతారు, ఖర్చుకూ రేటుకూ మధ్య తేడా ఎవరు భరిస్తారు? మొదటిదొక్కటే అడిగి "సర్కారుది కదా, సోషలిజమే" అనేస్తుంటారు. అక్కడే తప్పటడుగు.

కర్ణాటకలోని శివనసముద్రం చూడండి. 1902లో అక్కడ జలవిద్యుత్ కేంద్రం కట్టింది మైసూరు సంస్థానం. ఆ కరెంటు ముందు వెళ్లింది కోలారు బంగారు గనులకు, అంటే బ్రిటిష్ కంపెనీలకు. బెంగళూరు వీధి దీపాలకు 1905లో గానీ అందలేదు. ఆస్తి సర్కారుదే, కానీ ఆ సర్కారు ఓట్లతో వచ్చింది కాదు.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1870లలో గ్యాస్, నీటి కంపెనీలను నగరం చేత కొనిపించిన మేయర్ జోసెఫ్ చాంబర్లేన్ స్క్రూల తయారీతో డబ్బు గడించిన లిబరల్, సోషలిస్టు కాదు. స్వీడన్‌లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ వాటెన్‌ఫాల్ 1909లోనే పుట్టింది. అక్కడి సోషలిస్టు పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లు తొలిసారి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేసింది 1920లో!

మరి ఇందులో సోషలిస్టుల వాటా ఏమిటి? బ్రిటన్‌లో లేబర్ పార్టీ ఉమ్మడి యాజమాన్యాన్ని 1918లో తన నియమావళిలోనే రాసుకుంది. ఎన్నికల్లో గెలిచి, పార్లమెంటులో చట్టం చేసి, వాటాదారులకు పరిహారమిచ్చి 1948లో కరెంటును, 1949లో గ్యాస్‌ను జాతీయం చేసింది. నా దృష్టిలో ప్రజాస్వామ్య సోషలిజానికి అసలు గుర్తు ఇదే, జనం ఓటుతో తెచ్చుకోవడం. ఓటుతో వచ్చింది ఓటుతో పోవచ్చు కూడా: మార్గరెట్ థాచర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం 1986లో గ్యాస్‌ను, 1990లో కరెంటును అమ్మకానికి పెట్టింది.

అభ్యాసం: బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటే మీ అపార్ట్‌మెంట్ ట్యాంకర్ రసీదు తీయండి. ట్యాంకర్ ప్రైవేటుది. కానీ 2024 మార్చిలో నీటి కొరత ముదిరినప్పుడు ట్యాంకర్ల రేట్లకు హద్దు పెట్టింది జిల్లా యంత్రాంగం. మూడు ప్రశ్నలకూ జవాబులు రాసి, పక్కనే జలమండలి కావేరి నీళ్ల బిల్లుకూ రాయండి. 4వ పాఠంలో సబ్సిడీ లెక్క ఈ రెండింటితోనే మొదలుపెడదాం.