ఫైర్‌వాల్ లాగిన్ అవ్వట్లేదు, తీరా చూస్తే తప్పు గడియారానిది

మొన్న ఫైర్‌వాల్‌లోకి (నెట్‌వర్క్‌కి కాపలా కాసే పెట్టె) వెళ్దామని చూస్తే యూజర్‌నేమ్ కరెక్టే, పాస్‌వర్డ్ కరెక్టే, ఫోన్ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కొట్టగానే మాత్రం "లాగిన్ ఫెయిల్డ్" అంటోంది. క్యాప్స్ లాక్ చూసుకున్నా, బ్రౌజర్ మార్చా, కుకీలు క్లియర్ చేశా, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లతో లాగిన్ అయ్యే దారి) కూడా అదే పాట. నాలుగైదు సార్లు కొట్టేసరికి అకౌంటే లాక్ అయి కూర్చుంది. ఇక్కడ నా తొందరే కొంప ముంచింది లెండి, రెండోసారికే ఆగాల్సింది.

ఇక లాభం లేదని పరికరానికి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని, ఫైర్‌వాల్ ఉన్న ర్యాక్ దగ్గరికెళ్లా. స్పీడ్ 9600 పెట్టి ఎంటర్ కొడితే ప్రాంప్ట్ వచ్చింది, కన్సోల్‌లో వాడే లోకల్ అడ్మిన్‌కి కోడ్ పెట్టలేదు కాబట్టి లోపలికెళ్లిపోయా. టైమ్ చూస్తే 10:42, నా ఫోన్‌లో 10:49. అదీ సంగతి! ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, ఫోనూ ఫైర్‌వాలూ దేనికది తన గడియారం చూసుకుని ఆ కోడ్ లెక్కేసుకుంటాయి, మరి 7 నిమిషాలు తేడా ఉంటే ఎలా కలుస్తుంది?

ఎందుకు వెనకబడిందా అని తవ్వితే, నాలుగు నెలల క్రితం రూల్స్ సర్దుతూ యూడీపీ 123 పోర్ట్ (గడియారం సరిచేసుకునే ఎన్‌టీపీ వాడే దారి) మూసేసిన మహానుభావుడిని నేనే. సరైన టైమ్ ఇచ్చే ఆ ఎన్‌టీపీ సర్వర్ స్టేటస్ అప్పట్నుంచీ "అన్‌రీచబుల్" అనే ఉంది, ఎవరు చూశారు గనక. రూల్ సరిచేసి, సింక్ అయ్యేదాకా ఆగి, అకౌంట్ అన్‌లాక్ చేశా. మొదటి కోడ్‌కే తలుపు తీసింది.