తాచు, కట్లపాము కాటు: రెప్పలు వాలుతుంటే ఏం చెయ్యాలి

పొలంగట్టు మీద తాచు కరిస్తే మంట, వాపు వెంటనే తెలుస్తాయి. కట్లపాము కాటు అలా కాదు. రాత్రి నేల మీద చాపేసుకుని పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి తెలియకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పితో లేస్తారు, రెప్పలు బరువెక్కుతాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించొద్దు.

నరం కొసల్లో సన్నటి సంచుల నిండా అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంటుంది. నరంలో కబురు రాగానే అది బయటపడి, మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు ఉండే సందు దాటి కండ మీది గ్రాహకానికి, అంటే దాన్ని పట్టుకునే చోటికి, అంటుకుంటుంది. ఆ గ్రాహకంలో రెండు చోట్లా అసిటైల్‌కోలిన్ కూర్చుంటేనే నడుమ దారి తెరుచుకుని సోడియం లోపలికి పోతుంది, కండ బిగుస్తుంది. వెంటనే ఒక ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది.

తాచు విషం గ్రాహకం మీదే తిష్ఠ వేస్తుంది. కట్లపాము విషం ముఖ్యంగా నరం కొసనే పాడుచేస్తుంది, ఇక అక్కణ్ణుంచి రసాయనం రాదు. ముందు రెప్పలు, తర్వాత మింగడం, మెడ, చివరికి ఊపిరి.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టండి. తాడు బిగించడం, కొయ్యడం, పసరు పొయ్యడం వద్దు. నీళ్లు కూడా వద్దు, పొలమారుతుంది. ఎడంపక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. లంకల్లోవాళ్లు పడవ ఎక్కకముందే చేస్తే బండి అవతలి రేవులో సిద్ధంగా ఉంటుంది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలుగుతున్నారో పావుగంటకోసారి రాసుకోండి. ఆ సంఖ్య తగ్గుతోందంటే ఊపిరి కండరాలు సన్నగిల్లుతున్నట్టే. దారిలో ఊపిరి ఆగిపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతూనే ఉండండి. పాము కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

ఆసుపత్రిలో రెండింటికీ ఒకటే విరుగుడు. మామూలుగా 10 వయల్స్‌తో (చిన్న మందు సీసాలు) మొదలుపెడతారు. పిల్లలకీ అంతే, పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు కదా. తాచు కాటుకి నియోస్టిగ్మిన్ అనే మందు కూడా ఇస్తారు. అది ఆ ఎంజైముని ఆపుతుంది, అసిటైల్‌కోలిన్ పోగుపడి విషంతో పోటీకి దిగుతుంది. కానీ గుండె మీద వేరే రకం గ్రాహకాలున్నాయి, అక్కడా పోగుపడితే గుండె నెమ్మదిస్తుంది. అందుకే అలా కాకుండా ముందు అట్రోపిన్ అనే మందు ఎక్కిస్తారు. కట్లపాము విషయంలో నియోస్టిగ్మిన్ పెద్దగా పనిచెయ్యదు, పోగుపడటానికి సరుకే ఉండదు.

విరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది, పాడైన నరం కొసని బాగుచెయ్యదు. అది మళ్లీ ఎదగాలి. అందాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సి రావచ్చు. కళ్లు తెరవరు, కనుపాపలు కదలవు, అయినా మాటలు వినపడుతుంటాయి. ఆశ లేదనుకుని ఇంటికి తీసుకుపోకండి.