టేబుల్ సా మీద బాక్స్ జాయింట్: ఇంట్లోనే జిగ్ చేసుకోండి

బాక్స్ జాయింట్, కొందరు ఫింగర్ జాయింట్ అంటారు, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకున్నట్టు రెండు చెక్కలు మూల దగ్గర కలిసే జాయింట్. డ్రాయర్లకీ పనిముట్ల పెట్టెలకీ ఇంతకన్నా నమ్మకమైనది లేదు, ఎందుకంటే ప్రతి వేలికీ రెండు పక్కలా జిగురు పడుతుంది, మేకు అవసరమే రాదు. ఉలితో చేత్తో కూడా తీయొచ్చు. కానీ పెట్టెకి నాలుగు మూలలు, మూలకి పదిహేను వేళ్ళు అనేసరికి ఎవరికైనా ఓపిక చచ్చిపోతుంది. పోనీ పెన్సిల్‌తో గీతలు గీసుకుని టేబుల్ సా మీద, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకొచ్చి తిరిగే రంపం మెషీన్ మీద కోద్దామంటే మూడో గాడికే తేడా వచ్చేస్తుంది.

అందుకే జిగ్ కావాలి, అంటే ప్రతి గాడీ ఒకే కొలతలో పడేలా చెక్కని పట్టి ఉంచే సాధనం. స్క్రూ తిప్పితే జరిగే జిగ్‌లు, గేర్లు పెట్టినవి కూడా అమ్ముతున్నారు. మొదటి జిగ్‌కి అవేం అక్కర్లేదు. మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలు, ఒక టేకు పుల్ల, నాలుగు స్క్రూలు చాలు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. ఈ జిగ్ మొత్తం మూడు కొలతల మీద నడుస్తుంది. బ్లేడు కోసే గాడి వెడల్పు ఒకటి, జిగ్‌లో నిలబెట్టే చిన్న చెక్క కీ మందం రెండోది, ఆ కీకీ బ్లేడుకీ మధ్య వదిలే ఖాళీ మూడోది. మూడూ సమానమైతే జాయింట్ కూర్చుంటుంది, లేకపోతే కూర్చోదు. మిగతా పని ఎంత నీట్‌గా చేసినా ఇది తప్పితే వృథా, మిగతాది కాస్త అటూ ఇటూ అయినా ఇది కుదిరితే పెట్టె వచ్చేస్తుంది.

బ్లేడు విషయానికొస్తే, 10 అంగుళాల ఫుల్ కెర్ఫ్ బ్లేడు (కెర్ఫ్ అంటే బ్లేడు కోసే గాడి వెడల్పు) సుమారు 3.2 మి.మీ. గాడి తీస్తుంది, మన హార్డ్‌వేర్ షాపుల లెక్కలో ఒక సూత్. చిన్న పెట్టెకి అది చక్కగా సరిపోతుంది. వెడల్పు గాడి కోసం డాడో సెట్, అంటే పక్కపక్కనే కలిపి బిగించే బ్లేడ్ల సెట్, కొనాలనుకునేవాళ్ళు ముందు మీ మెషీన్ షాఫ్ట్ పొడవు చూసుకోండి, చాలా చిన్న టేబుల్ సాలకి అది పట్టదు. ఇంకొకటి, బ్లేడు పళ్ళ కొసలు చదునుగా ఉన్నాయా, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ వాలి ఉన్నాయా చూడండి. వాలు పళ్ళయితే గాడి అడుగున రెండు మూలల్లో చిన్న కోణాలు పడతాయి, జాయింట్‌ని పక్క నుంచి చూస్తే కనిపిస్తాయి. బలానికేం ఢోకా లేదు, కంటికి నచ్చకపోతే చదును పళ్ళ రిప్ బ్లేడు (చెక్కని నార వెంట నిలువునా కోసేది) తెచ్చుకోండి.

మార్బుల్ కట్టర్‌ని తిరగేసి బల్లకి బిగించుకుని అదే టేబుల్ సా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని మీద ఈ పని వద్దు. దాని కోత లోతే సుమారు 30 నుంచి 35 మి.మీ., అందులో బల్ల చెక్క 12, జిగ్ అడుగు 12 పోతే 12 మి.మీ. చెక్కకి కూడా మిగలదు. పైగా ఈ కోతకి బ్లేడు మీది గార్డూ, కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడుని పట్టకుండా వెనక నిలబడే రేకు, స్ప్లిటరూ తీసేయాల్సి వస్తుంది, ఎందుకంటే కోత చెక్క పైదాకా రాదు. అదే పని చేస్తూ బ్లేడుతో పాటే లేచి దిగే రైవింగ్ నైఫ్, బ్లేడు కొసకన్నా కిందికి దిగేది ఉంటే దాన్ని మాత్రం అలాగే ఉంచండి. గార్డు లేని బ్లేడు మీద ఊగిపోయే బల్లతో పని ఎందుకు చెప్పండి.

ఇక కట్టడం. అడుగుకి 12 మి.మీ. ప్లైవుడ్, ఇంచుమించు 400 పొడవు, 300 వెడల్పు. మధ్యలో గుల్లలు లేని మంచి ముక్క చూసుకోండి. దాని కింద మైటర్ స్లాట్‌లో, అంటే మెషీన్ బల్ల మీద బ్లేడుకి సమాంతరంగా ఉండే గాడిలో, జారే చెక్క పట్టీ, రన్నర్, రావాలి. స్లాట్ కొలత మెషీన్‌ని బట్టి మారుతుంది, కాబట్టి ఎవరో చెప్పిన కొలత కాకుండా మీ స్లాట్ కొలుచుకుని బాగా ఎండిన టేకుతో చేసుకోండి. చిత్రిక పట్టుకుంటూ స్లాట్‌లో పెట్టి చూసుకోవాలి, వేలితో తోస్తే జారాలి, పక్కకి ఊపితే కదలకూడదు. అతికించేటప్పుడు స్లాట్‌లో ముందు రూపాయి బిళ్ళలు రెండు మూడు వేసి వాటి మీద రన్నర్ పెడితే అది బల్లకన్నా కొంచెం పైకి లేస్తుంది. దాని మీద ఫెవికాల్ రాసి, ప్లైవుడ్ అంచుని మెషీన్ ఫెన్స్‌కి (బ్లేడుకి సమాంతరంగా చెక్కని ఆనించే అడ్డపట్టీ) ఆనించి పైన దించి, బరువు పెట్టి వదిలేయండి. ఆరాక పైనుంచి స్క్రూలు, తలలు లోపలికి దిగేలా. వానాకాలంలో రన్నర్ బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దితే చాలు.

మీరు నిలబడే వైపు అంచున ఒక నిలువు ఫెన్స్ కావాలి. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, 100 మి.మీ. ఎత్తు. స్లెడ్, అంటే చెక్కని పెట్టి అడ్డంగా కోయడానికి బల్ల మీద జారే పలక, దాని ఫెన్స్ సరిచేయడానికి ఐదు కోతల పద్ధతి అని ఒకటి ఉంది, కోసిన పట్టీ రెండు చివర్లూ కొలిచి తేడాని 4తో భాగించాలి. క్రాస్‌కట్ స్లెడ్‌కి అది కావాలి గానీ ఇక్కడ అంత గొడవ అనవసరం, ఎందుకంటే ఇక్కడ చెక్క నిలబడి కోసుకుంటుంది, బ్లేడు దాటేది చెక్క మందం 12 మి.మీ. మాత్రమే, ఆ కొంచెం దూరంలో చిన్న వంకర తేలదు. మూలమట్టం పెట్టి చూస్తే చాలు. ఫెన్స్ అడుగుకి నిట్టనిలువుగా ఉందా, బ్లేడు అడుగుకి సరిగ్గా 90 డిగ్రీలు ఉందా, ఈ రెండే గట్టిగా చూడండి. బ్లేడు వాలితే వేళ్ళు కూడా వాలుతాయి.

ఫెన్స్ వెనక, మీ వైపు, బ్లేడు బయటికొచ్చే చోట ఒక లావుపాటి చెక్క దిమ్మ అతికించండి. తోసేటప్పుడు చెయ్యి తెలియకుండానే అక్కడికే వెళ్తుంది. దీన్ని మాత్రం తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

ఇప్పుడు కీ. ఫెన్స్ ముందు వైపు 12 మి.మీ. ప్లైవుడ్ పట్టీ ఒకటి క్లాంపులతో పట్టించి, బ్లేడుని జిగ్ అడుగు పైన 10 మి.మీ. కనిపించేలా లేపి ఒక్కసారి కోయండి. పట్టీలో పడిన గాడే మీ కీ కూర్చునే చోటు, అదే బ్లేడు కోసింది కాబట్టి కొలత దానంతట అదే వస్తుంది. టేకు పుల్ల ఒకటి సుమారు 150 మి.మీ. పొడవుది తీసుకుని, ఆ గాడిలో వేలి ఒత్తిడితో దిగేదాకా ఇసక కాగితం మీద లాగండి. సుత్తి కావాల్సి వస్తే లావు, వదిలేస్తే రాలిపడితే సన్నం. సన్నమైపోయిందా, పారేసి ఇంకోటి చేయండి, కాగితం చుట్టి సర్దుకోవద్దు. ఎత్తు కూడా 10 మి.మీ. లోపే ఉండాలి, లేకపోతే గాడి కీ మీద ఎక్కి చెక్క అడుగుకి ఆనదు. పుల్లని రెండుగా కోసి, ఒక ముక్కని ముందుకి 30 మి.మీ. పొడుచుకొచ్చేలా గాడిలో అతికించండి. రెండో ముక్క దాచుకోండి, ఖాళీ కొలిచేది దాంతోనే.

ప్లగ్ తీసేసి, పట్టీని పక్కకి జరిపి, బ్లేడుకీ కీకీ మధ్య ఆ రెండో ముక్క పెట్టండి. ఆనాల్సింది బ్లేడు రేకుకి కాదు, పంటి కొసకి, పన్ను రేకుకన్నా బయటికి ఉంటుంది కదా. ముక్క రెండు పక్కలా తగులుతూ, లాగితే జారిపోయేలా ఉన్నప్పుడు పట్టీని క్లాంపులతో బిగించండి. బ్లేడు ఎత్తు ఇప్పుడు అడుగు మందానికి చెక్క మందం కలిపి ఇంకో అర మి.మీ., అంటే 12 మి.మీ. చెక్కకి 24.5.

అదే చెక్క తుక్కు ముక్కలతో ఒక ట్రయల్ మూల చేయండి. వేళ్ళు గాడిలో దూరకపోతే ఖాళీ ఎక్కువైంది, కీని బ్లేడు వైపు జరపండి. లొడలొడలాడితే దూరం జరపండి. ఎంత జరపాలంటే ఒక మామూలు ఏ4 కాగితం మందం, దాదాపు 0.1 మి.మీ. పట్టీ చివర ఒక దిమ్మ బిగించి, మధ్యలో కాగితాలు పెడుతూ తీస్తూ జరిపితే ఎంత జరిగిందో లెక్క తెలుస్తుంది. చేత్తో అరచేతి దెబ్బకి కూర్చునేంత బిగువు వచ్చాక పట్టీని ఫెన్స్‌కి స్క్రూలతో బిగించేయండి. మరీ బిగువు ఉంచితే జిగురు తేమకి వేళ్ళు ఉబ్బి సగంలో ఇరుక్కుంటాయి.

కోత సులువే. మొదటి చెక్క అంచుని కీకి ఆనించి, నిలబెట్టి, ఫెన్స్‌కి గట్టిగా పట్టి తోయండి. పడిన గాడిని కీ మీద కూర్చోబెట్టి మళ్ళీ తోయండి, అలా చివరిదాకా. ప్రతి కోతకీ ముందు కీ చుట్టూ పొట్టు పాత పెయింట్ బ్రష్‌తో తుడవాలి. చిటికెడు పొట్టు అడుగున ఇరుక్కున్నా ఆ గాడి లోతు తగ్గుతుంది. రెండో చెక్క వేలుతో కాకుండా గాడితో మొదలవ్వాలి కాబట్టి, మొదటి చెక్కని తిప్పి దాని మొదటి గాడిని కీ మీద పెట్టండి, మొదటి వేలు కీకీ బ్లేడుకీ మధ్య సరిగ్గా నిండుతుంది. రెండో చెక్కని దానికి ఆనించి కోస్తే మూలలో సగం తెరిచిన గాడి పడుతుంది. మొదటి చెక్క తీసేసి, ఆ గాడి అంచుని కీకి ఆనించి మామూలుగా సాగిపోండి. నాలుగు పలకలకీ కింది అంచు ఏదో ముందే గుర్తు పెట్టుకుని ప్రతి చివరా అటునుంచే మొదలుపెట్టాలి, ఇది మర్చిపోతే పెట్టె మెలి తిరుగుతుంది. పలకల ఎత్తు 10 మి.మీ. ఎక్కువే ఉంచండి, చివర్లో సగం వేలు మిగిలితే అంటించాక కోసేయొచ్చు.

మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి. కరెంటు తిరిగొచ్చినా మళ్ళీ నొక్కేదాకా తిరగని స్విచ్ అన్ని మెషీన్లకీ ఉండదు. గ్లవ్స్ వద్దు, మెడలో తువ్వాలు వద్దు.

ప్లైవుడ్‌తో పెట్టె చేస్తే పైపొర చిట్లుతుంది, కోత చోట మాస్కింగ్ టేప్ వేస్తే కొంత ఆగుతుంది. టేకు, ప్యాకింగ్ పెట్టెల పైన్ అంత ఇబ్బంది పెట్టవు. చెక్క మందం మారితే కొత్త పట్టీ, కొత్త కీ చేసుకోవడమే మేలు, పాత పట్టీలో కోత పెద్దదైపోయి వెనక ఆనిక ఉండదు. ప్రతి పట్టీ మీదా ఏ బ్లేడు, ఎంత మందం చెక్క అని మార్కర్‌తో రాసి, దాని రెండో కీ ముక్కని టేపుతో దానికే అంటించి పెట్టండి.

జిగురు పూసే ముందు పెట్టె మొత్తం పొడిగా ఒకసారి కూర్చోబెట్టి చూడండి. ఎండాకాలంలో ఫెవికాల్ తొందరగా పట్టేస్తుంది, వేళ్ళేమో బోలెడు, కాబట్టి సన్న బ్రష్‌తో, వీలైతే ఇద్దరు కలిసి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పూయండి. వేళ్ళు అర మి.మీ. బయటికి ఉంటాయి గనక క్లాంప్ పట్టీలు వాటి మీద కాకుండా వెంటనే వెనక పడాలి, పట్టీలకి బ్రౌన్ టేప్ చుడితే జిగురు అంటుకోదు. ఆరాక ఆ అర మి.మీ.ని చిత్రికతో మూల నుంచి లోపలికి తీయండి, బయటికి లాగితే వేళ్ళ అంచులు పెచ్చులు లేస్తాయి.