చిన్న పడవకు మంచె కట్టించే ముందు

సముద్రంలో చేపల గుంపులను దూరం నుంచే పసిగట్టడానికి పడవల మీద పైపులతో ఎత్తుగా మంచెలు కడతారు. ఫోన్‌లో ఆ వీడియోలు చూసి, మన శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తిప్పే పడవకూ ఒకటి కట్టిస్తే పోలా అనిపించడం సహజమే. ఉపయోగం లేదని అనను. నీళ్లు తేటగా ఉండే నెలల్లో నాలుగడుగులు పైకెక్కినా చాలు, మునిగిన చెట్ల మోళ్లు, ఎదుటివాళ్ల వలల బెండ్లు, నీటి మీద చేపలు కదిలే జాడ ముందే కనిపిస్తాయి. కానీ వరద మొదలై నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాక ఎంత ఎత్తు నుంచి చూసినా లోపలిది కనిపించదు. గాలీ ఉద్ధృతీ ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. అందుకే కట్టించుకున్నా సరే, వరద నెలల్లో దాన్ని విప్పి ఒడ్డున పెట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

మంచె బరువు గురించి అందరూ అడుగుతారు. దాని మీద ఎక్కే మనిషి బరువు గురించి అడిగేవాళ్లు తక్కువ. పడవను బోల్తా కొట్టించేది ఎక్కువగా ఆ బరువే. లెక్క చూడండి. ఐదడుగుల వెడల్పు పడవలో మధ్య నుంచి అంచుకు రెండున్నర అడుగులే. 6 అడుగుల ఎత్తున మనిషి ఉన్నప్పుడు పడవ 15 డిగ్రీలు వాలిందంటే, అతని బరువు మధ్య నుంచి అడుగున్నర పక్కకు జరిగినట్టే. అదే 10 అడుగుల ఎత్తయితే రెండున్నర అడుగులు దాటిపోతుంది. అంటే ఆ మనిషి పడవ అంచుకు అవతల వేలాడుతున్నట్టు లెక్క. అలాంటప్పుడు పడవ మళ్లీ లేవడం కష్టం. కాబట్టి చిన్న పడవకు మంచె ఎత్తు నాలుగడుగులు మించనివ్వొద్దు. పైకి ఒక్కరే ఎక్కాలి. ఇక గుండ్రటి పుట్టి పడవకైతే అసలు ఆ ఆలోచనే వద్దు.

మంచె బిగించాక మనుషులతో నేరుగా లోతుకు పోవద్దు. నడుము లోతు నీళ్లలో, గాలి లేని పొద్దున పూట పరీక్షించండి. ముందు మంచె మీద బరువేమీ పెట్టకుండా పడవను పక్కకు ఊపి, పది ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. తర్వాత 70 కిలోల ఇసుక బస్తాను మంచె పైన గట్టిగా కట్టి, అవతలి వైపు ఎవరూ నిలబడకుండా చూసుకుని మళ్లీ ఊపండి. ఊపు బాగా నెమ్మదించిందంటే, వాలిన పడవ తిరిగి నిలబడడానికి బద్ధకిస్తోందంటే, ఆ ఎత్తు మీ పడవకు పనికిరాదు. కాళ్లు కోసి ఎత్తు తగ్గించండి. కోయడానికి మనసొప్పదు, డబ్బు పెట్టాం కదా. అయినా కోయించండి.

పైపు విషయంలో, అదే సైజు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుతో పోలిస్తే అల్యూమినియం దాదాపు మూడోవంతు బరువే ఉంటుంది, కాబట్టి అదే మేలు. ఫైబర్ పడవ అంచుకు స్క్రూలతో బిగిస్తే కొన్నాళ్లకే ఊడివస్తాయి. కింద మందపాటి ప్లేటు పెట్టి, ఆరపార బోల్టులు వేయించాలి. నాలుగు కాళ్లూ వెడల్పుగా ఉండాలి, అడ్డ కర్రలూ ఉండాలి. అల్యూమినియంలో బలహీనమైన చోటు వెల్డింగ్ పక్కన ఉంటుంది. అక్కడ వెంట్రుకలాంటి పగులు వస్తే కంటికి ఆనదు. చిన్న చిట్కా ఉంది. ఆ చోట కిరోసిన్ రాసి కాసేపు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద సన్నని తడి గీత కనిపిస్తుంది. నెలకోసారి చేస్తే చాలు. గీత కనిపించిన రోజు మంచె ఎక్కొద్దు.

కరెంటు తీగల సంగతి మరీ ముఖ్యం. నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే వేసవికీ, శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టానికీ మధ్య పదుల అడుగుల తేడా. వేసవిలో తలెత్తినా అందనంత ఎత్తున కనిపించిన తీగ, నీళ్లు నిండాక పడవకు దగ్గరవుతుంది. ఒడ్డున మోటార్ల కోసం లాగిన తీగల కింద నుంచి, ఎంత అలవాటైన దారి అయినా, మంచెతో పోవద్దు. తీగకు నేరుగా తగలకపోయినా, బాగా దగ్గరికి వచ్చినా ప్రమాదమే. అందుకే మంచె కాళ్ల మొదట్లో మడత పెట్టే కీలు పెట్టించుకోండి. ఉరుములు మొదలైనా అదే పనికొస్తుంది. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే మనిషి దిగిపోవాలి, మంచె వాలాలి, పడవ ఒడ్డు పట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మితే వెనక్కి తిరగడమే క్షేమం. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే పిడుగుల హెచ్చరికలు తెలుస్తాయి.

పైనున్న మనిషిని తాడుతో పైపుకు కట్టడం కొందరి అలవాటు. దయచేసి వద్దు. బోల్తా పడితే అతను పడవతోపాటు కిందికే పోతాడు. బదులుగా నడుము ఎత్తున చుట్టూ పట్టీ, కూర్చునే పలక, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. ఇంజిన్ చప్పుడులో "ఎడమకు, ఎడమకు అన్నా" అని అరిచినా కింద వినపడదు, కాబట్టి చేతి సైగలు ముందే అనుకోండి. ఇంజిన్ పట్టిన మనిషి పైకి చూసి తలూపించుకోకుండా గబుక్కున మలుపు తిప్పకూడదు. పడవ అడుగున చేరిన నీళ్లు వాలిన వైపుకే పరుగెడతాయి. అవి పూర్తిగా తోడేశాకే ఎవరైనా మంచె ఎక్కాలి.

వల లాగేటప్పుడు మాత్రం పైన ఎవరూ ఉండకూడదు. బొచ్చె, శీలావతి చేపలతో నిండిన వల అప్పటికే పడవను ఒక పక్కకు వంచి ఉంటుంది. 2007 జనవరిలో ఇదే నీళ్లలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎందరివో ప్రాణాలు పోయాయి. ఒడ్డునున్న ప్రతి ఇంటివాళ్లకూ ఆ భయం తెలుసు. మీవాళ్లు బయల్దేరేటప్పుడు మంచె దించి ఉందో, ఎత్తి ఉందో, ఎక్కేది ఎవరో, ఎన్ని గంటలకు ఒడ్డుకొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.