సైరన్ మోగకముందే ఫోన్ విషయంలో జాగ్రత్తలు

2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత జమ్మూ, పంజాబ్ ప్రాంతాల్లో రాత్రిళ్లు బ్లాకవుట్ (లైట్లన్నీ ఆర్పేయడం) పాటించారు. అక్కడ చదివే మన పిల్లల కోసం ఢిల్లీలోని ఏపీ భవన్, తెలంగాణ భవన్ సాయానికి దిగాయి. అటు వెళ్లేవాళ్లు బయల్దేరేముందే ఇవి చూసుకోండి.

- ఫోన్, పవర్‌బ్యాంక్ పగలే ఫుల్ చార్జ్ చేసుకోవాలి.
- ఇంటి నంబర్లు, అత్యవసర నంబరు 112, భవన్ నంబరు కాగితం మీద రాసుకోండి.
- కాల్ కలవకపోతే పదేపదే చేయకండి. నెట్‌వర్క్ రద్దీలోనూ ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. "క్షేమం, హాస్టల్లోనే ఉన్నా" అంటే చాలు, అమ్మానాన్నల టెన్షన్ సగం తగ్గుతుంది.
- బ్లాకవుట్‌లో టార్చ్ వేయొద్దు. కిటికీ దగ్గర స్క్రీన్ వెలగనివ్వొద్దు.
- సైనిక వాహనాలు, డ్రోన్లు, పేలుడు జరిగిన చోటు వీడియో తీయకండి. లైవ్ అసలే వద్దు. 2008 ముంబయి దాడుల్లో టీవీ లైవ్ చూస్తూ పాకిస్తాన్‌లోని సూత్రధారులు దాడి చేస్తున్న ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.
- ఆపరేషన్ సిందూర్ రోజుల్లో పాత వీడియోలు, వీడియో గేమ్ దృశ్యాలు కూడా యుద్ధం పేరుతో తిరిగాయి. కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడకుండా ఏదీ ఫార్వర్డ్ చేయకండి, ఫ్యామిలీ గ్రూపుల్లో కూడా.